103 సిరీస్ కిట్: చిలకపచ్చ మీద తెల్లటి మసక పట్టింది, ఏం చెయ్యాలి?

నిషికసాయ్_వాసి · టోక్యో · జూన్ 21, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదివి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయే బాపతు నేను. ఈసారి అడక్క తప్పేలా లేదు.

పోయిన నెల ఒక పాత సరుకు కొట్టులో జపాన్ జాతీయ రైల్వే వారి 103 సిరీస్ ఎలక్ట్రిక్ రైలు కిట్ దొరికింది. గ్రీన్‌మాక్స్ వాళ్ళది, ఎన్ గేజ్ (9 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే మోడల్), నాలుగు పెట్టెలు. రంగు వెయ్యని పలకల కిట్ అన్నమాట. రెండు పక్క పలకలు, రెండు చివరి పలకలు, కప్పు, నేల, అన్నీ విడివిడిగా ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి. కత్తిరించుకోవడం, ఆకురాయి పట్టడం, అతకడం, రంగెయ్యడం అంతా మన పనే. చక్రాలు, మోటారు, పాంటోగ్రాఫులు (కప్పు మీద ఉండి పై తీగ నుంచి కరెంటు అందుకునేవి) విడిగా కొనాలి. డబ్బా మీద ధర చూసి "అబ్బ, ఎంత చవక" అనుకున్నాను. మోటారు ధర చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

అతకడం బాగానే జరిగింది. నిన్న సాయంత్రం వాన వెలిసిందని బాల్కనీలో నిలబడి రెండు పెట్టెలకి స్ప్రే డబ్బాతో టోక్యో చుట్టూ తిరిగే యమనోతె లైను రైళ్ళ పచ్చ కొట్టాను. కొట్టినప్పుడు నిగనిగలాడింది. పావుగంట తర్వాత వచ్చి చూస్తే పచ్చ మీద తెల్లగా పొగమంచు కమ్మినట్టుంది. గుడ్డతో తుడిస్తే పోవట్లేదు. ఫోటోలు పెట్టాను. రంగు పాతదా, నా చెయ్యి మంచిది కాదా?

---

కవాసాకి_కాఫీ · కవాసాకి · జూన్ 22, ఉదయం 7:05

రంగు మంచిదే, చెయ్యి మంచిదే, ముహూర్తం బాలేదు. ఇది జూన్ అండీ. త్సుయు, అంటే ఇక్కడి వానాకాలం, నడుస్తోంది.

మీ స్ప్రేలాంటి లాకర్ రంగులో ఉన్న థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు ఆ పైపొర చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి పొర మీద సన్నటి నీటి బిందువులు పట్టి, రంగులో చిక్కుకుపోతాయి. మీరు చూస్తున్న తెలుపు అదే. ఇక్కడి మోడలర్లు దీన్ని "కబురి" అంటారు. మన "కబురు"లాగే వినిపిస్తుంది, వచ్చేది మాత్రం ఎప్పుడూ చెడు కబురే.

తుడవకండి. గుడ్డ పోగులు అంటుకుంటాయి. తేమ తక్కువున్న రోజు, లేదా గదిలో ఏసీ డ్రై మోడ్‌లో రెండు గంటలు నడిపాక, నెమ్మదిగా ఆరే థిన్నర్‌ని ఎయిర్‌బ్రష్‌తో పలచగా, తడిసీ తడవనట్టు పట్టించండి. పైపొర మళ్ళీ కరిగి నీరు బయటికి పోతే మసక పోతుంది. మిస్టర్ కలర్ వాళ్ళ లెవలింగ్ థిన్నర్ ఈ పనికి బాగుంటుంది. ఎయిర్‌బ్రష్ లేకపోతే పొడి రోజున అదే రంగు ఇంకో పలచటి పూత.

ఇంకోమాట, బాల్కనీలో స్ప్రే కొడుతున్నానని మీ అపార్ట్‌మెంట్లో ఎవరికీ చెప్పకండి. పక్కింటివాళ్ళు ఆరేసిన తెల్ల చొక్కా మీద యమనోతె లైను పడితే మీకు మోడల్ రైలు ఉండదు, ఇల్లూ ఉండదు.

---

లాలాగూడ_పెయింటర్ · సికింద్రాబాద్ · జూన్ 22, ఉదయం 9:30

తమ్మీ, ముప్పై ఒక్క ఏళ్ళు క్యారేజ్ వర్క్‌షాపుల పెయింట్ పని చేసి రిటైర్ అయిన. మీ బొమ్మల సంగతి నాకు తెల్వదు, మా మనవడు ఈ లింక్ చూపించిండు. రంగు సంగతి మాత్రం తెలుసు. వానాకాలం రంగు కొట్టినవ్, అది నీ మొదటి తప్పు. ప్రైమర్ కొట్టినవా లేదా చెప్పలే. ఫోటోల తలుపు మూలకాడ లోపలి బూడిద రంగు కనవడ్తుంది. అంటే కొట్టలే. అది రెండో తప్పు.

మూడోది, జనమంతా పెట్టెని బోగీ అంటరు. బోగీ అంటే కింద చక్రాలున్న బండి. నువ్వు పెట్టె అని సక్కగ రాసినవ్. ఆ ఒక్కటి బాగుంది.

---

నిషికసాయ్_వాసి · జూన్ 22, రాత్రి 10:15

పెద్దాయనా, దొరికిపోయాను. ప్రైమర్ కొట్టలేదు. ప్లాస్టిక్కే బూడిద రంగులో ఉంది కదా, అదే ప్రైమర్‌లా పనికొస్తుందనుకున్నాను.

---

అర_మిల్లీ · ఒసాకా · జూన్ 22, రాత్రి 10:52

బూడిద రంగు కాదు, తెలుపు వెయ్యాల్సింది. పసుపు, చిలకపచ్చ, నారింజ లాంటి రంగులకి కింద ఉన్నదాన్ని కప్పే శక్తి తక్కువ. బూడిద మీద వేస్తే ఎన్ని పూతలు వేసినా మురికిగానే ఉంటుంది. పూతలు పెంచుకుంటూ పోతే తలుపుల గీతలు, కిటికీ అంచులు పూడుకుపోతాయి. 1/150 స్కేలులో రంగు మందం 0.1 మిల్లీమీటరు అయితే, అసలు రైలుకి 15 మిల్లీమీటర్ల మందాన రంగు పూసినట్టు. వేలి మందం! మిస్టర్ బేస్ వైట్ 1000 అనే తెల్ల ప్రైమర్ ఒకటే పూత వేసి, ఆరాక 1500 నంబరు ఎమరీ పేపరు నీళ్ళతో తాకించీ తాకించనట్టు రుద్ది, అప్పుడు పచ్చ వెయ్యండి.

ఆ పచ్చకి జాతీయ రైల్వే పెట్టుకున్న పేరు కిమిదోరి 6 గో, అంటే పసుపుపచ్చ 6వ నంబరు. మామూలు పచ్చ సీసా తెచ్చి "దగ్గరగానే ఉంది" అనకండి. గ్రీన్‌మాక్స్ రైల్వే రంగుల్లో ఇదే నంబరుతో ఉంటుంది.

---

బెజవాడ_బండి · విజయవాడ · జూన్ 23, ఉదయం 6:48

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఈ రంగుని జపాన్‌లో ఉగుయిసు రంగు అంటారని విన్నాను. ఉగుయిసు అంటే పిట్ట కదా. మనకి చిలకపచ్చ ఉన్నట్టే వాళ్ళకీనా?

---

కవాసాకి_కాఫీ · జూన్ 23, ఉదయం 7:20

పిట్టే. కానీ గమ్మత్తేంటంటే అసలు ఉగుయిసు పిట్ట ఈ రంగులో ఉండదు, ఆలివ్ గోధుమ రంగులో ఉంటుంది. వసంతంలో ప్లమ్ పూల చుట్టూ తిరిగే పచ్చటి చిన్న పిట్ట మెజిరో. కళ్ళ చుట్టూ తెల్లటి వలయం ఉంటుంది. జనం రెంటినీ కలిపేసుకుని పచ్చటిదానికి ఉగుయిసు అని పేరు పెట్టుకున్నారు.

నన్నడిగితే మన చిలకపచ్చ కూడా దీనికి సరిపోదు. చిలకపచ్చలో నీలం కొంచెం ఎక్కువ. ఇది లేత అరటాకు ఎండకి ఎదురుగా పట్టుకున్నప్పటి రంగు.

---

అర_మిల్లీ · జూన్ 23, ఉదయం 7:44

అరటాకుల లెక్కన రంగులు కలిపితే ఒక్కో పెట్టె ఒక్కో తోటలోంచి వచ్చినట్టుంటుంది. నంబరు ఉన్నప్పుడు నంబరే.

---

కవాసాకి_కాఫీ · జూన్ 23, మధ్యాహ్నం 12:31

నంబరన్నది రైలు షెడ్డు నుంచి బయటికొచ్చిన రోజుకి. ఎండా వానా తిని, బ్రష్షులతో కడగబడి, మూడేళ్ళు తిరిగిన పెట్టె ఏ నంబరు? పాత ఫోటోలు చూడండి, ఒకే రైల్లో రెండు పెట్టెలు ఒక్క రంగులో ఉండవు. పైగా మన మోడల్ 13 సెంటీమీటర్ల పెట్టె, గదిలో ట్యూబ్‌లైటు కింద. అసలు రంగు అచ్చంగా వేస్తే నల్లబడినట్టు కనిపిస్తుంది. నేను ఎప్పుడూ సీసాకి నాలుగైదు చుక్కలు తెలుపు కలుపుతాను.

ఇది మనం మూడేళ్ళ నించీ పడుతున్న పోట్లాటే కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. కొత్తవాళ్ళు భయపడతారు.

---

అనంతపురం_ప్యాసింజర్ · బెంగళూరు · జూన్ 23, సాయంత్రం 6:10

నాలాంటోడి కోసం ఒగ మాట చెప్పండప్పా. అసలు లైనుకో రంగు ఎందుకు? మన లోకల్ రైళ్ళకి లేదు గదా.

---

అర_మిల్లీ · జూన్ 23, రాత్రి 9:02

1957లో టోక్యోలోని చూవో లైనుకి 101 సిరీస్ వచ్చింది. దాన్ని చాక్లెట్ గోధుమ రంగు వదిలేసి నారింజ ఎరుపులో దించారు, షుయిరో 1 గో. జనానికి దూరం నుంచే "మన రైలు" అని తెలిసింది. 1961లో యమనోతెకి అదే 101 పసుపు రంగులో వచ్చింది. తర్వాత ఎక్కువ స్టేషన్లలో ఆగే లైన్ల కోసమని 103 తయారుచేసి, 1963 చివర్లో మొదటి రైలుని యమనోతెలోనే దించారు, ఈ ఉగుయిసు పచ్చలో. పసుపు సోబు లోకల్ అనే ఇంకో టోక్యో లైనుకి వెళ్ళింది. కేహిన్ తోహొకుకి ఆకాశనీలం, జోబాన్ రాపిడ్‌కి మరకతపచ్చ.

రంగు లేకపోతే చిక్కు. తబాతా నుంచి షినగావా దాకా యమనోతె, కేహిన్ తోహొకు పక్కపక్కనే పరిగెడతాయి. తొందరలో ఉన్నవాడు బోర్డు చదవడు, రంగు చూసి ఎక్కేస్తాడు. 103 రకం 1984 దాకా మూడువేల నాలుగొందలకి పైగా పెట్టెలు తయారయ్యాయి. అందుకే ఈ కిట్ ఇన్నేళ్ళైనా కొట్లలో తిరుగుతూనే ఉంది.

---

నిషికసాయ్_వాసి · జూన్ 29, రాత్రి 11:58

కబురు తెచ్చాను. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది.

మొదటి పెట్టెకి కాఫీ గారు చెప్పినట్టు లెవలింగ్ థిన్నర్ పట్టించాను. మసక కళ్ళముందే కరిగిపోయింది. చేతబడి వదిలినట్టు. కానీ కింద తెలుపు లేదు కాబట్టి మిల్లీ గారన్నట్టు మురికి పచ్చే. దాన్ని అలాగే తెలుపుతో మొదలుపెట్టి మళ్ళీ చేస్తాను.

రెండోదాన్ని మొత్తం రంగు తీసేద్దామని ఐపీఏలో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, ముంచాను. ఇక్కడ కారు పెట్రోలు ట్యాంకులో నీరు తీసెయ్యడానికి అమ్మే మందు అదే. మూత బిగించి, ఒక రాత్రి అనుకున్నది ఆఫీసు పనిలో పడి రెండు రాత్రులు అయింది. రంగు శుభ్రంగా పోయింది. దాంతోపాటు నాలుగు మూలల అతుకులూ విడిపోయాయి, కిటికీల మధ్య స్తంభం ఒకటి తీస్తుంటే ఠప్పున విరిగింది. ప్లాస్టిక్ పెళుసెక్కింది. పోయింది ముందుండే పెట్టె, క్యాబ్ ఉన్నది.

మా ఆవిడ "ఇంత చిన్నదానికి ఇంత బాధా" అంది. సమాధానం దొరకలేదు.

---

లాలాగూడ_పెయింటర్ · జూన్ 30, ఉదయం 8:12

బాధ అయితది తమ్మీ. మా దగ్గర ఒక పెట్టెకి పాత రంగు గీకెటప్పుడు ఒకడు లోహం దాకా గీకిండు. పదిహేను రోజులు ఎవ్వరితోని మాట్లాడలే.

విరిగిన కాడ లప్పం పెట్టకు. లప్పం గుంటకి పెడ్తరు, విరిగినదానికి కాదు. వెనక నుంచి పట్టీ వెయ్యి.

---

కవాసాకి_కాఫీ · జూన్ 30, ఉదయం 8:40

పెద్దాయన చెప్పింది నూటికి నూరు. 0.3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పట్టీ ఒకటి లోపలి వైపు నుంచి అతికించండి. పలచటి సిమెంటు, టమియా ఆకుపచ్చ మూతది, కుంచె కొనతో అతుకు దగ్గర తాకిస్తే చాలు, అదే పాకుతుంది. ఎక్కువ పోస్తే కిటికీ కరుగుతుంది.

మళ్ళీ అతికేటప్పుడు ఒక సంగతి. నాలుగు పలకల్నీ ఒకేసారి డబ్బాలా నిలబెట్టకండి. ముందు ఒక పక్క పలక, ఒక చివరి పలక తీసుకుని ఎల్ ఆకారంలో అతకండి. అలాంటివి రెండు చేసుకోండి. రెండూ గట్టిపడ్డాక కలపండి. మూలమట్టం ఉంటే మంచిది. లేదంటే గాజుపలక మీద పెట్టి, స్టీలు దిమ్మె ఏదైనా మూలకి ఆనించినా సరిపోతుంది. మా అమ్మగారి పోపుల డబ్బాతో నేను రెండేళ్ళు నడిపాను, కానీ అది గుండ్రంగా ఉంటుందని ఆలస్యంగా గుర్తొచ్చింది.

కప్పుని అతికించెయ్యకుండా బిగుతుగా కూర్చునేలా ఆకురాయి పట్టి వదిలేస్తే, పచ్చకీ బూడిదకీ మధ్య మాస్కింగ్ టేపు పనే ఉండదు. విడిగా రంగేసి తొడిగెయ్యడమే.

---

బెజవాడ_బండి · జూన్ 30, రాత్రి 8:25

మీ బాధలు వింటుంటే నా బాధ చెప్పుకోవాలనిపించింది. మా బావ టోక్యో నుంచి వస్తూ పట్టాలు, కంట్రోలరు తెచ్చాడు. ఆత్రం కొద్దీ గోడ ప్లగ్గులో పెట్టాను. ఒక్క క్షణం చిన్న శబ్దం, తర్వాత వాసన. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, మనకి 230. రైలు నడిచేది 12 వోల్టుల డీసీ మీదే గానీ, దానికి ముందుండే డబ్బా 100కి తయారైంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనమని డబ్బా వెనక ఎవరూ తెలుగులో రాయలేదండి మరి.

ఇండియాకి తెప్పించుకునేవాళ్ళకి ఇంకోటి: స్ప్రే డబ్బాలు, లాకర్ సీసాలు విమానంలో పెట్టెలో వెయ్యకండి. మండే సరుకు. మా బావకి విమానాశ్రయంలో మొత్తం తీసి చెత్తబుట్టలో వేశారు.

---

అర_మిల్లీ · జూలై 1, రాత్రి 10:30

నిషికసాయ్ గారూ, మీ విరిగిన పెట్టె కుహా 103 కదా? అయితే మీరు అదృష్టవంతులు. ఎందుకో చెప్తాను.

పేరు విప్పితే: కు అంటే క్యాబ్ ఉన్న పెట్టె, మో అంటే మోటారున్నది, సా అంటే రెండూ లేనిది. తర్వాతి అక్షరం తరగతి. పాత జపాన్ అక్షరమాల ఇ, రో, హా అని మొదలవుతుంది. ఇ మొదటి తరగతి, రో రెండు, హా మూడు. ఇప్పుడు హా అంటే మామూలు తరగతి. కుహా అంటే క్యాబ్ ఉన్న మామూలు పెట్టె. అనంతపురం గారు అడక్కముందే చెప్పేశాను.

మోహా 103, మోహా 102 జంట. కరెంటు పరికరాలు పంచుకుంటాయి, కాబట్టి విడదీసి ఒకదాన్నే వేరే లైనుకి పంపరు. కుహా మాత్రం ఒంటరిది. ఒక డిపో నుంచి ఇంకోదానికి మారినప్పుడు రంగు మార్చేలోపు పాత రంగుతోనే కొత్త లైన్లో తిరిగేది. అలాంటి రంగులు కలిసిన రైళ్ళు నిజంగానే నడిచాయి. మీ కుహా చేతి మరమ్మతు పచ్చలో కనిపిస్తుంది కదా, దానికి వేరే రంగు వెయ్యండి.

---

కవాసాకి_కాఫీ · జూలై 1, రాత్రి 10:41

మిల్లీ గారు ఒక తప్పుని దాచడానికి సలహా ఇస్తున్నారు! స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

పసుపు వెయ్యండి. పచ్చ పక్కన పసుపు, అరటికాయ పక్కన అరటిపండు.

---

అర_మిల్లీ · జూలై 1, రాత్రి 10:58

పసుపు కాదు. మీ కిట్ కప్పు మీద ఏసీ లేదు, గుండ్రటి వెంటిలేటర్లు ఉన్నాయి. క్యాబ్ కిటికీలు కిందికున్న పాత మోడల్. ఆ కాలంలో సోబు లోకల్‌లో పసుపు ఎక్కువగా 101 మీదే. కేహిన్ తోహొకుకి 103 వచ్చింది 1965లో, ఆకాశనీలంలో. యమనోతె పక్క పట్టాలే. కాబట్టి నీలం. ఆవో 22 గో. నీలానికి కప్పే శక్తి కూడా పసుపుకంటే ఎక్కువ, ఆ పట్టీ గీత తొందరగా మునిగిపోతుంది.

---

నిషికసాయ్_వాసి · జూలై 27, సాయంత్రం 5:20

త్సుయు పోయింది, ఎండ మాడుస్తోంది. ఈ మూడు వారాల్లో అయిన పని రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే మంచిదే.

పచ్చ మూడింటికీ తెలుపు పూత వేసి, ఒక రాత్రి ఆరబెట్టి, పచ్చ మూడు పలచటి పూతల్లో వేశాను. పూతకీ పూతకీ మధ్య ఇరవై నిమిషాలు. డబ్బాని గోరువెచ్చటి నీళ్ళలో పెడితే రంగు సన్నగా, సమంగా వస్తుందని చదివి చేశాను, నిజమే. నీళ్ళు నలభై డిగ్రీలు దాటకూడదు, పొయ్యి మీద పెట్టడం మాట అనుకోనే అనుకోవద్దు. చేతిని పెట్టె బయటే మొదలుపెట్టి బయటే ఆపాలి. పెట్టె మీదే నొక్కడం మొదలెడితే మొదటి చుక్కలు బొట్లుగా పడతాయి. ఇది నేర్చుకోవడానికి ఐస్‌క్రీమ్ పుల్లలు పాతిక ఖర్చయ్యాయి.

నీలం కుహాకి బూడిద ప్రైమరే వేశాను. విరిగిన స్తంభం దగ్గర 800, 1200 ఎమరీ పట్టాక వేలు తాకిస్తే తెలియట్లేదు. కన్ను పెడితే తెలుస్తోంది, అదీ నాకే.

తర్వాత ముఖం. 103కి ముందు కిటికీల చుట్టూ బూడిద రబ్బరు పట్టీ ఉంటుంది. 1/150లో అది వెంట్రుకంత. కుంచెతో రెండుసార్లు చేసి రెండుసార్లు తుడిచాను. తుడవగలిగాను ఎందుకంటే ఎనామెల్ రంగు వాడాను. ఎనామెల్ థిన్నర్ కింద ఉన్న లాకర్‌ని కరిగించదు. మూడోసారి కరసుగుచి తెచ్చుకున్నాను, పాతకాలం డ్రాయింగ్ బాక్సులో ఉండే ఇంకు పెన్ను లాంటిది, రెండు రేకుల మధ్య రంగు పట్టి గీత గీస్తుంది. ఇంజినీరింగ్ మొదటేడు డ్రాయింగ్ క్లాసులో దాన్ని చూసి తిట్టుకున్నాను. ఇప్పుడు మళ్ళీ కొనుక్కున్నాను, డబ్బిచ్చి మరీ.

కిటికీ అద్దాలకి సూపర్ గ్లూ వాడొద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక అద్దం చుట్టూ తెల్లటి పొగ పట్టింది. మిగతావి రబ్బరు జిగురుతో చేశాను. ఈ తెల్లటి మసక నన్ను వదిలేలా లేదు.

పాంటోగ్రాఫులు మోహా 103కి మాత్రమే, రెండు. పీఎస్16 రకం, వజ్రం ఆకారంలో ముడుచుకునేవి. మొదటిదాన్ని అమర్చేటప్పుడు ఎగిరి పడింది. ఇల్లంతా వెతికాం. మా చిన్నోడి సాక్సు లోపల దొరికింది.

పోయిన ఆదివారం వాణ్ణి తీసుకుని కసాయ్ స్టేషన్ వంతెన కింద ఉన్న మెట్రో మ్యూజియంకి వెళ్ళాం, మా స్టేషన్‌కి తర్వాతిదే. 1927 నాటి గింజా లైను పసుపు పెట్టె 1001 అక్కడ ఉంది. వాడు నడిచే నమూనా రైళ్ళ దగ్గర నిలబడ్డాడు. నేను ఆ పసుపు పెట్టె ముందు నిలబడి తలుపు మూలల్లో రంగు ఎంత మందాన ఉందో చూస్తున్నాను. కాపలా ఆయన రెండుసార్లు నా దగ్గరికి వచ్చి వెళ్ళాడు.

---

కవాసాకి_కాఫీ · జూలై 27, సాయంత్రం 6:02

రబ్బరు పట్టీ ఫోటో చూసి కుర్చీలోంచి లేచాను. బాగా కుదిరింది.

చక్రాల బోగీలు ఏవి తీసుకున్నారు? మోటారు పెట్టెలకి డీటీ33 ఉండాలి. 103 మోటారు చక్రం 910 మిల్లీమీటర్లు, తర్వాతి రకాలకి 860. మోడల్‌లో తేడా 0.3 మిల్లీమీటర్లు. నేను పట్టించుకోను, కానీ మిల్లీ గారు అడిగేలోపు నేనే అడుగుతున్నాను.

---

అర_మిల్లీ · జూలై 27, సాయంత్రం 6:04

టైపు చేస్తున్నాను, మీరు ముందే పెట్టేశారు.

---

నిషికసాయ్_వాసి · జూలై 27, రాత్రి 9:30

డీటీ33లే. కుహాలకి టీఆర్201. కొట్టులో ఆ కుర్రాడు నేను పేర్లు పలికిన తీరు చూసి కాసేపు ఆగి, తర్వాత పక్క అల్మరాలోంచి ఇంకో మూడు డబ్బాలు తీసి చూపించాడు. కొనలేదు. మా ఆవిడ ఈ పోస్టు చదువుతుంది కాబట్టి మళ్ళీ చెప్తున్నాను, కొనలేదు.

---

అనంతపురం_ప్యాసింజర్ · జూలై 28, ఉదయం 10:15

నాకొక అనుమానం. జపాన్ రైలు పట్టాల వెడల్పు 1067 మిల్లీమీటర్లు అంట. దాన్ని 150తో భాగిస్తే 7.1. ఎన్ గేజ్ పట్టాలు 9 అంట. అంటే మీ రైలు లావు చెప్పులేసుకుని నడుస్తా ఉందా?

---

అర_మిల్లీ · జూలై 28, ఉదయం 10:40

అవును. ఎన్ గేజ్ పట్టాలు 9 మిల్లీమీటర్లని ముందే ఖరారైపోయింది. చిన్న గేజ్ రైళ్ళని దాని మీద పెట్టడానికి ఇక్కడ 1/150 స్కేలు పెట్టుకున్నారు, షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) అసలు గేజ్ 1435 కాబట్టి దానికి 1/160. ముందు నుంచి చూస్తే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టుంటుంది. ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. మీరు మాట్లాడారు.

---

నిషికసాయ్_వాసి · ఆగస్టు 10, రాత్రి 10:05

ఈరోజు నడిచింది.

గంటకింత అని డబ్బు తీసుకుని పెద్ద లేఅవుట్ మీద మన రైలు నడపనిచ్చే చోటుకి వెళ్ళాను. నాలుగు పెట్టెలు కలిపి 53 సెంటీమీటర్లు. పక్క లైన్లో ఎవరో పెద్దాయన పదకొండు పెట్టెల కొత్త యమనోతె రైలు నడుపుతున్నారు. నాది పక్కన చేరగానే ఆయన తన కంట్రోలర్ వేగం తగ్గించి, నా నీలం ముఖం తన పక్కకి వచ్చేదాకా ఆగారు. "కేహిన్ తోహొకు నుంచి వచ్చిందా?" అని అడిగారు. అవునన్నాను. "వచ్చేవి, వచ్చేవి" అని నవ్వి మళ్ళీ వేగం పెంచారు.

ఐపీఏ సంగతి చెప్పలేదు.

మొదటి మలుపులో ఒకసారి పట్టా తప్పింది. పెట్టెల్ని కలిపే కప్లర్ కాస్త కిందికి వేలాడుతోంది, సరిచేశాను. తర్వాత నలభై నిమిషాలు ఆగకుండా తిరిగింది. ఆరు ఫోటోలు పెడుతున్నాను.

---

బెజవాడ_బండి · ఆగస్టు 11, ఉదయం 6:30

అదిరింది సార్. ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. రెండో కంట్రోలర్ వస్తోంది.

---

లాలాగూడ_పెయింటర్ · ఆగస్టు 11, ఉదయం 9:05

నాలుగో ఫోటో పెద్దగ చేసి చూసిన. నీలం పెట్టె, ఎడమ పక్క, మూడో తలుపు కింది మూల. రంగు కారింది. చిన్న బొట్టు.

---

నిషికసాయ్_వాసి · ఆగస్టు 11, ఉదయం 9:20

అది నీడ అండీ.

---

లాలాగూడ_పెయింటర్ · ఆగస్టు 11, ఉదయం 9:26

ఐదో ఫోటోల వెలుతురు అటు మారింది. నీడ ఆడనే ఉంది.

---

నిషికసాయ్_వాసి · ఆగస్టు 11, ఉదయం 9:41

2000 నంబరు ఎమరీతో పోతుందా, పెద్దాయనా?

---

లాలాగూడ_పెయింటర్ · ఆగస్టు 11, ఉదయం 9:50

వారం ఆగు, లోపల గట్టిపడనీ. తర్వాత ఎమరీని చిన్న కర్రముక్కకి అతికించి నీళ్ళతోని రుద్దు, బొట్టు మీదనే, చుట్టుపక్కల కాదు. పైన పలచగ ఒక పూత. వాన లేని రోజు చూసి కొట్టు.